వారానికో మాత్ర

క్లినిక్కులో డాక్టరు గది బయట, ఎదురు గోడ మీద మనిషంత దోమ బొమ్మ ఉంది. ఆమె భర్త దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని, మెడ నిక్కించి, ఎక్కడో చూసిన మొహమే, పలకరించాలా వద్దా అని తేల్చుకోలేనివాడిలా నిలబడ్డాడు. ఆమె పక్క కుర్చీలో ఆయన అక్క చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, విమానం కాసేపట్లోనే ఉన్నట్టు నిటారుగా కూర్చుంది. ఆయన భార్య కుడికాలు మాత్రం ఊరుకోవడం లేదు. నేలను నొక్కుతోంది, వదులుతోంది, మళ్ళీ నొక్కుతోంది. డ్రైవింగ్ నేర్పేవాళ్ళకు పట్టుకునే జబ్బు అది. స్టీరింగు, గేర్లు, హారను అన్నీ నేర్చుకునేవాళ్ళ చేతుల్లో ఉంటే నేర్పేవాళ్ళకు మిగిలేది కాలి కింద ఒక్క బ్రేకు. ఏళ్ళ తరబడి దాన్ని తొక్కీ తొక్కీ ఇప్పుడు బస్సులో కూర్చున్నా, సినిమా చూస్తున్నా, ఎవరైనా అనకూడని మాట అనబోతున్నారని అనిపించినా ఆ కాలు దానంతటదే బ్రేకు కోసం నేలంతా వెతుక్కుంటుంది. ఇవాళ పొద్దున పళ్ళు తోముకునేటప్పటి నుంచీ వెతుక్కుంటూనే ఉంది.

ఆఫ్రికా వెళ్తున్నారు ముగ్గురూ, వచ్చే నెలలో. వారం తిరక్కుండానే వచ్చేసే చిన్న ప్రయాణం, పైకప్పు లేని జీపులో కూర్చుని అడవి జంతువుల్ని చూసి రావడానికి. ఇదంతా వదిన పూనిక. వదిన పూనుకుందంటే ఇక ఎవరూ అడ్డం చెప్పేది ఉండదు, సగం ఊరికి ఈత నేర్పిన మనిషి, నీళ్ళంటే ఏడ్చే పిల్లల్ని కూడా ఒక్క కేకతో కొలనులోకి దింపినావిడ. రిటైరయ్యాక ఈల మెడలోంచి తీసేసింది కానీ అది గొంతులో మిగిలిపోయింది. తల్లి పోయినప్పుడు తమ్ముడు ఇంకా చెప్పుల ఎడమా కుడీ తెలియని వయసులో ఉన్నాడట, అప్పటి నుంచీ అన్నీ ఈవిడే. ఆ తమ్ముడేమో పెరిగి పెద్దయి మ్యూజియంలో జంతువుల దగ్గర పనికి కుదిరాడు, ఊపిరి లేని జంతువుల దగ్గర. తోళ్ళకు పురుగు పట్టకుండా, కుట్లు విడిపోకుండా, గాజుకళ్ళ మీద దుమ్ము పేరుకోకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఇంట్లో సూదీ దారం కోసం సొరుగు లాగితే ఒక జీబ్రా కన్ను దొర్లుకుంటూ వచ్చి ఆమె వంక చూస్తుంది, పెళ్ళయిన కొత్తలో కెవ్వుమనేది, ఇప్పుడు ‘జరుగు’ అని పక్కకి నెట్టి సూది తీసుకుంటుంది. మ్యూజియానికొచ్చిన పిల్లలు ఏనుగును చూపించి ఇది నిజందేనా అని అడిగితే ఆయన చాలా సేపు ఆలోచించి ‘ఒకప్పుడు’ అని చెబుతాడు. ఆ జవాబు విని వదినకి ఒళ్ళు మండింది. ‘చాల్లేరా, పొట్టలో పీచు కూరిన ఏనుగుల్తో కాపురం. చెవులాడించే ఏనుగుని ఒక్కసారైనా చూద్దువుగాని పద’ అంది. ఆయన మొహం అప్పుడు చూడాలి. వద్దనలేదు, సరేననలేదు, లోపలికెళ్ళి పాత బూట్లకు పాలిష్ పెట్టడం మొదలుపెట్టాడు.

అంతా బాగానే ఉంది, మాత్రల మాట వచ్చేదాకా. అక్కడ మలేరియా ఉందట, వెళ్ళేముందు నుంచే మాత్రలు మొదలుపెట్టాలట. వదినతో పాటు ఈత నేర్పిన స్నేహితురాలు ఎప్పుడో వెళ్ళొచ్చింది, వారానికో మాత్ర వేసుకుందట, ఏమీ కాలేదట. ‘హాయిగా ఆదివారం ఆదివారం వేసేసుకుంటే అయిపోయె. రోజూ మాత్రంటే మీకెవరికి గుర్తుంటుంది?’ అని వదిన ఫోనులోనే తీర్మానించేసింది. మాత్ర పేరు కూడా చెప్పింది. ఫోను పెట్టేశాక ఆమె ఆ పేరు కొట్టి చదివింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చదువుతూనే ఉంది. కొందరికి పీడకలలు రావచ్చు, గుబులు, దిగులు, నిద్రలేమి. ఎప్పుడైనా మనసుకు సంబంధించిన జబ్బు చేసినవాళ్ళు ఈ మాత్ర వాడకూడదు. ఎప్పుడైనా. ఆ ఒక్క మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి, పాలు గట్టంతా పారాయి, ఆయన వచ్చి స్టవ్ కట్టేసి గుడ్డతో తుడుస్తూ ‘మేడమ్, సిగ్నల్ పడింది, బండి ఆపాలి’ అన్నాడు. ఆయన అలాగే పిలుస్తాడు, ఆమె దగ్గర నేర్చుకునే పిల్లలు పిలిచినట్టు. ఆమె నవ్వేసి ఫోను బోర్లా పెట్టింది.

ఎప్పుడైనా అంటే ఎంత దూరం వరకూ? ఆ చలికాలం వాళ్ళ ఇంట్లో జరిగి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ దానికి వేరే పేరు పెట్టలేదు, ఆ చలికాలం అనే అంటారు, అదీ ఎప్పుడైనా పొరపాటున నోరు జారితే. ఆయన ఒకరోజు పనికి వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు, తర్వాత గోడవైపు తిరిగి పడుకోవడమే పనయింది. దెబ్బలాట లేదు, జ్వరం లేదు, ఎవరూ పోలేదు, ఎక్కడ నొప్పి అంటే ఎక్కడా లేదు అనేవాడు, అది కూడా గోడతోనే. గడ్డం పెరిగింది, గది వాసన మారింది. ఆమె పాఠానికీ పాఠానికీ మధ్య బండి ఇంటిముందు ఆపి, ఇంజను ఆపకుండా లోపలికి పరిగెత్తి, దుప్పటి కదులుతోందా లేదా చూసి మళ్ళీ పరిగెత్తేది, బండిలో నేర్చుకునే అమ్మాయి ఏమైనా మర్చిపోయారా మేడమ్ అంటే ఊఁ అనేది. ఆఖరికి ఆస్పత్రిలో చేర్చింది. కొన్ని వారాలు అక్కడ, తర్వాత ఇంట్లో మందులు. ఆస్పత్రికి ఇంకా ముందే, ఒక సాయంత్రం వదిన ఫోను, తమ్ముడు మాట్లాడట్లేదేం అని. పడుకున్నారు వదినా అంది ఆమె. మొన్న కూడా పడుకునే ఉన్నాడన్నావు, మొహం పాలిపోయిందా, కళ్ళు పచ్చబడ్డాయా, కొంపదీసి కామెర్లా అంది వదిన. ఆమె చాలా అలిసిపోయి ఉంది ఆ సాయంత్రం, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఆయన తాగని చల్లారిన టీ. ఊఁ అంది. అంతే, కామెర్లయిపోయాయి. ఆ ఊఁ ఆ తర్వాత చుట్టాలందరి ఇళ్ళకీ ప్రయాణం చేసింది. ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్తే ‘పాపం కామెర్లొచ్చిన మనిషి’ అని ఆయనకు నూనె తగ్గించి వడ్డిస్తారు, ఆయన ఆమె వంక ఓరగా చూసి తలొంచుకుని తింటాడు.

అందుకే ఇవాళ ఒక ఉపాయం ఆలోచించింది. ముందుగా వచ్చి, డాక్టరుతో ఒంటరిగా ఒక్క మాట చెప్పేస్తే సరి. కానీ వాళ్ళొచ్చేసరికి వదిన అప్పటికే మూడు కుర్చీలు ఆపి, ఒకదాని మీద సంచీ, ఇంకోదాని మీద గొడుగు పెట్టి కూర్చుంది. కౌంటరులో అమ్మాయి దగ్గరికి వెళ్ళి, మేం విడివిడిగా లోపలికి వెళ్ళొచ్చామ్మా అని గుసగుసగా అడిగితే ఆ అమ్మాయి గదంతా వినపడేలా ‘ఒకే ప్రయాణం కదండీ, ముగ్గుర్నీ కలిపే చూస్తారు’ అంది. ‘అవును, మమ్మల్ని కలిపే చూడాలి’ అని వెనకనుంచి వదిన. ఇక మిగిలింది రెండో ఉపాయం. మీ తమ్ముడికి వారాలు గుర్తుండవు, ఆదివారం కూడా మ్యూజియం తాళాలు తీసుకుని బయల్దేరతారు, ఆయనకు రోజూ వేసుకునేదే మంచిది అనాలి. వదిన ఒప్పుకోదు, నేను ఫోను చేసి గుర్తుచేస్తాగా అంటుంది. అప్పుడేమనాలి? కాలు నేలను నొక్కింది. అసలు ఆయన మనసులో ఏముంది? ఆ మాత్ర సంగతి ఆయనకు తెలుసా? అడుగుదామంటే ఆ గది తలుపు మళ్ళీ తెరిచినట్టవుతుందని భయం. అలా ఏళ్ళుగా ఇద్దరూ ఆ తలుపు ముందునుంచి మునివేళ్ళ మీద నడుస్తూనే ఉన్నారు. అడగకపోతేనేమో, ఊరికే మొహమాటానికి ఆయన ఆ మాత్ర వేసుకుంటాడు, అక్క చెయ్యి చాపితే కాదనడం ఆయనకు పుట్టుకతో రాదు.

గోడవైపు తిరిగి ఉన్న ఆయన వీపు చూస్తే ఆమెకు ఎప్పుడూ అదోలా ఉంటుంది, ఇప్పుడు చూస్తున్నది దోమనే అయినా సరే. ఆ చలికాలం చివర్లో, ఆస్పత్రి నుంచి వచ్చాక, ఒక సాయంత్రం ఆయన ఆ పక్కమీద నుంచే ‘బయట వాన పడుతోందా?’ అని అడిగాడు. వాన లేదు, పక్కింటివాళ్ళు బండి కడుక్కుంటున్నారు. కానీ ఆయనంతట ఆయన అడిగిన మొదటి మాట అది, దాన్ని కాదనబుద్ధి కాక, వెళ్ళి చూద్దాం పదండి అంది. చెప్పులేసుకుని వచ్చాడు. డ్రైవింగ్ స్కూలు బండిలో ఎక్కించి, ఎందుకో తెలియదు, తను కూర్చునే చోట కాకుండా నేర్చుకునేవాళ్ళ సీట్లో కూర్చోబెట్టింది. ఆయనకు డ్రైవింగు రాదు, నేర్చుకోమంటే నాకు కదలనివే అలవాటు అనేవాడు. ఊరి బయట ఖాళీ మైదానంలోకి తీసుకెళ్ళి తాళం ఆయన చేతికిచ్చింది. మొదటి గేరు. బండి ఉలిక్కిపడి ఆగిపోయింది. మళ్ళీ. మళ్ళీ ఆగిపోయింది. తర్వాత కదిలింది, నడిచేవాడికంటే నెమ్మదిగా, మైదానం చుట్టూ, దుమ్ములో, ఆయన రెండు చేతులతో స్టీరింగును ఏదో కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని. గోలుపోస్టు ఎదురుగా వస్తోంది. ఆమె కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. తొక్కలేదు. అదెంత కష్టమో బ్రేకు ఉండి తొక్కనివాళ్ళకే తెలుస్తుంది. ఆయన తిప్పాడు, కొంచెం ఆలస్యంగా, అద్దం గోలుపోస్టుకు రాసుకుని మడతపడింది. ఆయన బండి ఆపి, దిగి, అద్దం నిమిరి, ఎముక సరిచేసినట్టు వెనక్కి తిప్పి ‘చిన్న దెబ్బే’ అన్నాడు. వారాల తర్వాత ఆ గొంతులో పనివాడి గొంతు వినిపించింది. ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

‘కాళ్ళు తప్పు గీశారు’ అంటూ ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

‘ఎవరివి?’

‘దోమవి. వెనక కాళ్ళు అలా వంగవు. ఎవరో పుస్తకం చూసి గీశాడు, దోమని చూసి కాదు.’

‘ఒరేయ్, దాని కాళ్ళతో నీకేం పని? మూతి సంగతి చూడు’ అంది వదిన. ఆయన నవ్వాడు. ఆమె ఆయన చేతి మీద చెయ్యి వేసి ఏదో అనబోయింది. ఇప్పుడే, ఈ క్షణంలోనే చెప్పేయాలి, మెల్లిగా, ఏమండీ ఆ వారం మాత్ర మీకొద్దు, అంతే, నాలుగు మాటలు. అంతలో లోపలి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ స్వయంగా వచ్చి ముగ్గుర్నీ రమ్మంది. వదిన అప్పటికే లేచి నిలబడి ఉంది.

డాక్టరమ్మ చిన్నదే, ముక్కు మీదికి జారే కళ్ళజోడు, పక్కన కిటికీలో ఒక కుండీ, దానికి నీళ్ళు పోయడం ఎవరో మర్చిపోయారు. ఎక్కడికి, ఎన్నాళ్ళు, ఎక్కడ పడుకుంటారు, గుడారాల్లోనా గదుల్లోనా, అన్నీ అడిగింది. మూడు రకాల మందులున్నాయి అని చెప్పింది. వారానికొకటి వేసుకునేది ఒకటి, దాన్ని కొన్ని వారాల ముందే మొదలుపెట్టి, వచ్చాక కూడా నెలపాటు వేసుకోవాలి. రోజూ వేసుకునే క్యాప్సూలు ఒకటి, అదీ వచ్చాక నెలపాటు, దాంతో ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. రోజూ వేసుకునే మాత్ర ఇంకోటి, బయల్దేరే ముందురోజు మొదలుపెడితే చాలు, వచ్చాక వారం. వదిన చెయ్యెత్తింది, కొలను అవతల ఉన్నవాళ్ళకు కనపడేలా ఎత్తడం ఆవిడకు అలవాటు. ‘మా ముగ్గురికీ వారానిదే రాసెయ్యండమ్మా. నా స్నేహితురాలు అదే వేసుకుంది.’

‘రాయొచ్చు. కానీ దానికి ముందు ఒకటి అడగాలి. మీ ముగ్గురిలో ఎవరికైనా, ఎప్పుడైనా సరే, మూర్ఛలు గానీ, డిప్రెషన్ గానీ, మనసుకి సంబంధించిన ఇబ్బంది ఏదైనా గానీ వచ్చిందా?’

‘మాకా? మా ఇంట్లో అలాంటివేం లేవమ్మా’ అంది వదిన. ‘వీడికి కామెర్లొచ్చాయి, అంతే. చచ్చి బతికాడు.’

ఆమె కుడికాలు పూర్తిగా కిందికి దిగిపోయింది, బల్ల కింద నేలను గట్టిగా తొక్కి పట్టి ఉంది. ఏదో ఒకటి చెప్పాలి. నాకు వచ్చింది అంటే? నాకే వచ్చింది డాక్టరుగారూ, అందుకని మా ఇద్దరికీ ఒకే రకం రాయండి, కలిపి గుర్తుపెట్టుకుంటాం. అనొచ్చు, ఎవరికీ నష్టం లేదు, వదిన కొన్నాళ్ళు జాలిగా చూస్తుంది, ఇంకేముంది. నోరు తెరిచింది. అప్పుడు ఆయన మొహం కనిపించింది. కిటికీలో ఎండిన మొక్క వైపు చూస్తున్నాడు, కానీ ఆ చూపు గోడవైపు చూపు కాదు. స్టీరింగు చేతిలోకి తీసుకుని, గోలుపోస్టు ఎదురొస్తుంటే, కొంచెం ఆలస్యమైనా సరే తనే తిప్పుకుందామనుకునే మనిషి మొహం. ఆమె నోరు మూసుకుంది. కాలు ఎత్తింది, అరచెయ్యి ఎత్తున, గాల్లోనే పట్టుకుంది. పిక్క లాగుతోంది.

‘నాకొచ్చిందండీ’ అన్నాడు ఆయన. ‘డిప్రెషనే. చాలా ఏళ్ళయింది. ఆస్పత్రిలో ఉన్నాను. కామెర్లు కాదక్కా అది.’

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, మామూలు విషయం విన్నట్టే తలూపింది. ‘చెప్పి మంచి పని చేశారు. అయితే వారం మాత్ర మీకు వద్దు. రోజువారీ మాత్ర రాస్తాను, చిన్న ప్రయాణానికి అసలు అదే అనువు. ఇప్పుడెలా ఉన్నారు?’

‘బాగానే ఉన్నానండీ. అప్పుడప్పుడు కాస్త మబ్బు పడుతుంది. చెప్పుకోవడానికి మనిషి ఉంది’ అని ఆమె వైపు కాకుండా నేల వైపు చూశాడు, సిగ్గుపడినప్పుడు ఆయన అంతే. మబ్బు పడుతుందని ఆమెతో ఎన్నడూ అనలేదు. కానీ అప్పుడప్పుడు సాయంత్రాలు వచ్చి, మేడమ్, మైదానానికి ఒక రౌండు వేద్దామా అంటాడు. అదే చెప్పుకోవడమని ఆమెకు ఇప్పుడు అర్థమైంది. తాళాలు ఎప్పుడూ ఇచ్చింది, ఎందుకని ఒక్కసారీ అడగలేదు, అదృష్టం.

వదిన ఒళ్ళో చేతిసంచీ తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. తర్వాత గొంతు సవరించుకుని, ‘నాకూ వాడిదే రాయండి’ అంది. డాక్టరమ్మ కిడ్నీల సంగతి అడిగింది, బాగున్నాయంది. భోజనంతో వేసుకోండి, మాత్ర ఉంది కదా అని దోమతెర మానొద్దు, సాయంత్రం నుంచీ ఒళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, వచ్చాక ఎన్ని నెలలకైనా జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్ళొచ్చామని ముందు చెప్పండి అంది. వదిన ప్రతిదానికీ బుద్ధిమంతురాలిలా తలూపింది.

కిందే మందుల షాపు. జనం ఉన్నారు, ఆయన వరసలో నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరూ బయట మెట్ల మీద కూర్చున్నారు, ఎదురుగా రోడ్డు మీద ఎవరో తోపుడుబండి చక్రం సరిచేసుకుంటున్నాడు. వదిన మొహం చూడాలంటే ఆమెకు భయంగా ఉంది. ఇన్నేళ్ళూ మోసం చేశావని అంటుందేమో, పెంచినదాన్ని నాకు చెప్పకూడదా అంటుందేమో. అనడానికి హక్కుంది. ఆ చలికాలమంతా ఆవిడ ఊరి ఆ చివర్నుంచి ఈ చివరకి, రెండు బస్సులు మారి, ఉప్పూ నూనే లేని ఉడకబెట్టిన కూరలు గిన్నెలకు గిన్నెలు తెచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే ఇచ్చి వెళ్ళేది, కామెర్లకు పథ్యమని. కొలను దగ్గర పని వదిలి తను రాలేనప్పుడు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది, మూత చుట్టూ గుడ్డ గట్టిగా కట్టి. ఖాళీ గిన్నెలు ఒకటికి రెండుసార్లు కడిగి వెనక్కి పంపేది ఆమె.

‘ఆ గొంతు కామెర్ల గొంతు కాదని అప్పుడే అనిపించింది’ అంది వదిన, చక్రం వైపు చూస్తూ. ‘ఒకసారి ఫోన్లో అక్కా అన్నాడు. నీళ్ళ అడుగునుంచి పిలిచినట్టుంది. అలా పిలిచిన పిల్లల్ని చాలామందిని పైకి లాగాను, నాకు తెలీదా?’

‘మరి అడగలేదేం వదినా?’

‘అడిగితే నువ్వు చెబుతావు. చెబితే నేనేం చెయ్యను? కామెర్లయితే ఏం వండాలో నాకు తెలుసు. దానికేం వండాలో తెలీదు. అందుకని కామెర్లే అనుకున్నా.’

లోపల ఎవరో చిల్లర లేదంటున్నారు. ఆయన మెడ చాచి, దోమలమందు సీసా వెనక రాసినదంతా చదువుతున్నాడు. వదిన చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద పడింది. నీళ్ళలో నానీ నానీ, రిటైరైనా ముడతలు పోని చెయ్యి.

‘వాడికి నేను వండాను సరే. నీకెవరు వండారే?’

ఆ చలికాలం గురించి ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు, ఇన్నేళ్ళలో. ఆమె కూడా తనని తాను అడగలేదు. ఏం తిన్నాను? పాఠాలు, ఆస్పత్రి, చీకటి పడ్డాక వంటింట్లో దీపం వెయ్యకుండానే పొయ్యి దగ్గర నిలబడి ఏదో తింటూ ఉండటం గుర్తొచ్చింది. చేతిలో గిన్నె ఉండేది. అంచు వంకరపోయిన స్టీలు గిన్నె, దాని మీద వదిన పేరు చెక్కి ఉండేది.

‘మీరే వండారు వదినా. ఆయన రెండు ముద్దలు తిని పక్కన పెట్టేసేవారు. మిగతాదంతా నేనే తినేదాన్ని.’

‘ఆ చప్పిడి కూడా?’

‘ఉప్పు కలుపుకునేదాన్ని. కారం కూడా.’

వదిన ఆమెను అలాగే చూసింది. పెదవులు బిగించింది, ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. నవ్వింది, కొలను గట్టున నిలబడి నవ్వినట్టు, వీధి సగం తిరిగి చూసేలా, నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆమెకూ నవ్వొచ్చింది. షాపులోంచి ఆయన మందుల సంచీతో బయటికొచ్చి, మెట్ల మీద ఒకరిమీద ఒకరు వాలిపోయి నవ్వుతున్న ఇద్దరినీ చూసి, సంగతేమిటో తెలియకపోయినా తనూ నవ్వడం మొదలుపెట్టాడు.